బాన్సువాడ బడులలో మాధ్యమము మారినది, బోధన మారినదా?

పాఠశాల ద్వారముపై వ్రాయబడిన భాషను మార్చుటకు ఒక ప్రభుత్వపు ఉత్తర్వు చాలును. ఆ ద్వారము లోపల గురువునకును శిష్యునకును నడుమ జరుగు వ్యవహారమును మార్చుటకు ఎన్ని ఉత్తర్వులైనను చాలవు. ఈ రెండింటికిని గల భేదమును గుర్తింపక, మొదటిదానినే విద్యాసంస్కరణమని పిలుచుట నూరేండ్లుగా మన దేశమున ఆచారమైపోయినది. ఈ భ్రాంతికి మూల్యము చెల్లించుచున్నవారు గ్రామసీమలలోని పేదబిడ్డలు. కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడ ప్రాంతపు విద్యాచరిత్రను పరిశీలించినచో ఈ సత్యము తేటపడును గావున, దానిని నేడు మా పాఠకుల యెదుట నుంచుచున్నాము.

మంజీరానదిపై 1923లో ఆరంభింపబడి 1931లో పూర్తియైన నిజాంసాగరము ఈ సీమ రూపమును మార్చివేసినది. వానను నమ్ముకొన్న పొలములలోనికి కాలువనీరు వచ్చెను. వరియు చెరకును విస్తరించెను. ఆ నీటిని ఆశ్రయించి కోస్తా జిల్లాలనుండి రైతులు వచ్చి స్థిరపడిరి. వారి నివాసములను నేటికిని క్యాంపులనియే వ్యవహరింతురు. పట్టణమున తెలుగుతోపాటు ఉర్దూయు, తండాలలో లంబాడీయు, పడమట మద్నూరు, జుక్కలు వైపునకు పోయినకొలది మరాఠీ కన్నడములును వినవచ్చును. ఈ ప్రాంతమున ఒక్క తరగతిగదిలో మూడు నాలుగిండ్ల భాషలు ప్రక్కప్రక్కను కూర్చుండుట వింత గాదు. 2016 అక్టోబరు వరకు నిజామాబాదు జిల్లాలో నుండి, ఆ మాసమున క్రొత్తగా నేర్పడిన కామారెడ్డి జిల్లాలో చేరిన ఈ ప్రాంతము, నూరేండ్లలో మూడు మార్లు బడిభాష మారుటను చూచినది.

మూడు మాధ్యమములు

మొదటిది ఉర్దూ. నైజాము రాజ్యమున తెలుగువారు జనసంఖ్యలో రమారమి సగముండిరి. అయినను ప్రాథమిక తరగతులు దాటినంతనే బోధనభాష ఉర్దూ అగుచుండెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము, దేశభాషలో ఉన్నతవిద్య గఱపవచ్చునని భారతదేశమునకు తొలుత నిరూపించిన సంస్థ. ఆ కీర్తి దానికి దక్కవలసినదే. అనువాదశాల నెలకొల్పి, పారిభాషికపదములు కల్పించి, ఆంగ్లము లేకయే శాస్త్రములు చెప్పవచ్చునని అది చూపినది. కాని ఉర్దూ ఇంటిభాషగాగల బాలునకు వరమైన ఆ ప్రయోగము తెలుగు రైతుబిడ్డకు మరియొక పరభాషయే అయ్యెను. దీనికి తోడు, 1920ల నడుమ, ప్రభుత్వానుమతి లేనిదే ప్రైవేటు పాఠశాలలు నడుపరాదను నిబంధన వచ్చుటచే, గ్రామస్థులు చందాలు వేసికొని నడుపుకొనుచుండిన చిన్నబడులు పెక్కు మూతపడెను. 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను జరిగిన మొదటి ఆంధ్రమహాసభ మొదలు, 1937లో నిజామాబాదునందు మందుముల నరసింగరావుగారి అధ్యక్షతను జరిగిన ఆఱవ సభ వఱకును, విద్య మాతృభాషలో జరుగవలెనను కోరిక వినబడుచునే యుండెను.

1948 సెప్టెంబరు 17 తరువాత ఆ కోరిక ఫలించెను. తెలుగు బోధనభాష అయ్యెను. అది గొప్ప విజయమనుటలో సందేహము లేదు. తన భాషలో ప్రశ్నకు జవాబు చెప్పగల్గిన మొదటి తరము అప్పుడు పుట్టినది. అయినను ఒక్క విషయము గమనింపవలెను. ఉర్దూలో వల్లెవేసిన బాలుని తమ్ముడు తెలుగులో వల్లెవేసెను. పంతులు చెప్పినదానిని తరగతియంతయు ఏకకంఠమున అప్పగించుట, పలకపై నున్నదానిని పుస్తకములోనికి ఎక్కించుట, పరీక్ష ముందు ప్రశ్నోత్తరములను కంఠస్థము చేయుట యథాతథముగ సాగెను. వాచకములలోని తెలుగు సైతము మంజీరాతీరపు ఇండ్లలో మాటలాడు తెలుగు గాదు. తన యింటి మాట తరగతిలో పలికిన బాలునకు నవ్వులును, దిద్దుబాట్లును దక్కినవి గాని ప్రోత్సాహము దక్కలేదు.

మూడవది ఆంగ్లము. 2022-23 విద్యాసంవత్సరమున తెలంగాణ ప్రభుత్వము తన పాఠశాలలలో 1 మొదలు 8 వఱకు గల తరగతులలో ఆంగ్లమాధ్యమమును ప్రవేశపెట్టినది. తెలుగును ఆంగ్లమును ఎదురెదురు పుటలలో ముద్రించిన ద్విభాషా పాఠ్యపుస్తకములను పంచినది. ఆ 2022లోనే ‘మన ఊరు - మన బడి’ యను పథకము 7,289 కోట్ల రూపాయల అంచనాతో, 26,000 పైచిలుకు పాఠశాలలలో గదులు, నీరు, మరుగుదొడ్లు, బల్లలు మున్నగువానిని సమకూర్చుటకై ప్రకటింపబడినది. 2024లో మహిళాసంఘముల ఆధ్వర్యమున ‘అమ్మ ఆదర్శ పాఠశాల’ కమిటీలు ఏర్పడి మరమ్మతుల భారమును చేపట్టినవి. ఇవన్నియు కావలసినవే. కురియు పైకప్పు క్రింద ఏ పద్ధతియు సాగదు. కాని గోడకు రంగు వేసినను, పుస్తకమునకు రెండవభాష చేర్చినను, లోపలి వల్లెవేత వల్లెవేతగనే మిగిలినయెడల, మూడవ మార్పునకును మొదటి రెండింటి గతియే పట్టును.

బోధన మారుట యనగా నేమి?

నూతన బోధనపద్ధతులనగనే ప్రొజెక్టర్లు, టాబులు, రంగురంగుల బొమ్మలు మన కన్నుల యెదుట నిలుచును. వానితో మాకు వైరము లేదు. కాని బోధన మారుట యనగా అంతకంటె చిన్నదియు, కష్టమైనదియు నగు పని. ఒక్క ఉదాహరణమును మా భూస్వాములైన పాఠకులకు సులభముగ బోధపడు విషయమునుండి తీసికొందము.

తెలంగాణమున భూమిని ఎకరములలోను గుంటలలోను కొలుతురు. 40 గుంటలు ఒక ఎకరము. 121 చదరపు గజములు ఒక గుంట. ఒక ఉపాధ్యాయుడు ఈ లెక్కను పలకపై వ్రాసి, పదిమారులు చెప్పించి, మరునాడు అడుగును. ముందు వరుసలోని నలుగురు అప్పగింతురు. తక్కినవారు పెదవులు కదలింతురు. మరియొక ఉపాధ్యాయుడు పిల్లలచేత త్రాటితో 11 గజములు కొలిపించి, బడి ముంగిట నాలుగు ప్రక్కల నాలుగు మేకులు పాతించి, త్రాడు చుట్టించి, లోపల ఎన్ని చదరపు గజము లుండునో లెక్కింపుమనును. పదునొకండు పదునొకండుల నూటయిరువదియొకటి. గుంట యనగా నేమో ఆ పిల్లలు కన్నులార చూచిరి, దానిలో నిలుచుండిరి. అట్టి చతురస్రములు బడి ఆవరణలో ఎన్ని పట్టునో, తమ తండ్రి కౌలుకు చేయు మడిలో ఎన్ని పట్టునో వారే లెక్కకట్టుదురు. తక్కువ వచ్చినచో ఎందుకు తక్కువ వచ్చినదని అడుగుదురు. ఆ దినమే ఉపాధ్యాయుడు రోపు, యార్డు, స్క్వేరు అను ఆంగ్లపదములను సైతము చెప్పినయెడల, అవి వస్తువుతో కూడ వచ్చిన పదములు గావున నిలిచిపోవును. ఖర్చయినది ఒక త్రాడు. మారినది పిల్లవాని స్థితి: వినువాడు కొలుచువాడయ్యెను. బోధన మారుట యనగా ఇదియే.

ఈ భావము పరదేశమునుండి దిగుమతియైన విలాసము గాదు. గిడుగు వెంకట రామమూర్తిగారు (1863-1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, కొండలలోని సవరల భాషను తాము నేర్చి, ఆ భాషలో వాచకములు వ్రాసి, సవర బాలురకు బడులు నడిపించిరి. వారిని లోకము వ్యావహారిక భాషోద్యమ నాయకులుగ నెఱుగును. ఆ యుద్యమము తరగతిగదిలో పుట్టినదను సంగతి తఱచు మరుగుపడును. బాలుడు మాటలాడు తెలుగునకును, వానిచేత చదివించు తెలుగునకును ఇంత యగాధ మేలయని విద్యాధికారి యేట్సుదొర వేసిన ప్రశ్న వారిని కదలించినది. భావనగరమున గిజూభాయి బధేకా 1920లో బాలమందిరమును స్థాపించి, బెత్తమును భయమును వెడలగొట్టి, కథలచేతను ఆటలచేతను విద్య గఱపవచ్చునని చూపెను. 1937 అక్టోబరులో వార్ధాయందు గాంధీమహాత్ముని అధ్యక్షతను కూడిన విద్యాసభ, ఏడేండ్ల ఉచిత నిర్బంధవిద్యను, మాతృభాషలో, చేతిపని కేంద్రముగా నడుపవలెనని తీర్మానించెను. ఆ ప్రణాళికను రచించిన సంఘమునకు అధ్యక్షులైన డాక్టరు జాకీర్ హుసేను 1897లో హైదరాబాదున జన్మించినవారని మన ప్రాంతీయులు జ్ఞాపక ముంచుకొనదగును. ఈ మువ్వురు మహనీయుల మార్గములు వేరైనను మూలసూత్ర మొక్కటియే: బాలుడు ఎఱిగినదానినుండి ఎఱుగనిదానికి వానిని నడిపింపవలెను.

ఒక పథకము నేర్పిన పాఠము

స్వాతంత్ర్యానంతరము ఈ సూత్రమును తెలుగుదేశమంతట అమలుపఱచుటకు జరిగిన పెద్ద యత్న మొకటి కలదు. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము 1983లో ప్రయోగరూపమున మొదలై, 1989 నుండి రాష్ట్రమంతటికిని వ్యాపించినది. బ్రిటిషు ధనసహాయముతో 1996 వఱకు నడచినది. నేటి తెలంగాణమంతయు దాని పరిధిలోనిదే. పథకమునకు ఆఱు సూత్రములు. బోధనకార్యములను ఉపాధ్యాయుడే రూపొందించుకొనుట. పిల్లలు చేయుచు, వెదకుచు, ప్రయోగించుచు నేర్చుకొనుట. ఒంటరిగను, జట్లుగను, తరగతియంతయు కలిసియు పనిచేయుట. బాలురలోని తారతమ్యములకు తగినట్లు బోధించుట. పరిసరములను బోధనసాధనములుగ వాడుకొనుట. పిల్లల పనిని గోడలపై ప్రదర్శించి తరగతిని ఆకర్షకముగ జేయుట. ఉపాధ్యాయులు నియతకాలమున కలిసికొని తమ యనుభవములను చర్చించుకొనుటకు ఉపాధ్యాయకేంద్రము లేర్పడెను. పైనజెప్పిన త్రాటి లెక్కయందు ఈ ఆఱు సూత్రములును ఇమిడియున్నవని పాఠకులు గమనింపగలరు.

ఫలిత మేమి? సూత్రములను హృదయమున పట్టుకొన్న ఉపాధ్యాయులున్న చోట బడులు వికసించెను. కాని పలుచోట్ల రూపము వచ్చినది, ప్రాణము రాలేదు. పిల్లలు వలయముగ కూర్చుండిరి. కాని వలయములో ఒకరితో నొకరు మాటలాడలేదు, అందఱును పలకవంకనే చూచిరి. గోడలకు బొమ్మలు వ్రేలాడినవి. అవి మాసిపోవువఱకు మార్చినవారు లేరు. తనిఖీ అధికారి వచ్చినపుడు వలయము, వెడలిన పిమ్మట వరుస. ధనసహాయ మాగిన వెనుక ఉపాధ్యాయకేంద్రముల ఉత్సాహము సన్నగిల్లెను.

దీనికి కారణము ఉపాధ్యాయుల సోమరితనమని తీర్పు చెప్పుట తేలిక; న్యాయము గాదు. ఒక్క ఉపాధ్యాయుడు మూడు తరగతులకు చెప్పవలసిన చోట, సంవత్సరాంతమున కంఠస్థమును మాత్రమే కొలుచు పరీక్ష నిలిచియున్న చోట, తల్లిదండ్రులు నోటుపుస్తకములోని పుటలను లెక్కించి చదువును కొలుచు చోట, క్రొత్తపద్ధతిని పట్టుకొనుటకు అసాధారణ ధైర్యము కావలెను. పద్ధతి మారవలెనన్నచో దాని చుట్టునున్న మూడును మారవలెను: పరీక్ష, ఉపాధ్యాయుని తీరిక, ఊరివారి దృష్టి. వీనిలో మొదటి రెండు ప్రభుత్వము చేతిలో నున్నవి. మూడవది మన చేతిలో నున్నది.

తరగతి యొకటి, మెట్లు పెక్కు

ఒకే ఉపాధ్యాయుడు పలు తరగతులకు చెప్పుట అసాధ్యమను వాదమునకు మదనపల్లె సమీపముననున్న ఋషివ్యాలీ గ్రామీణవిద్యాకేంద్రమువారు ఆచరణలో సమాధాన మిచ్చిరి. చిన్నపల్లెలలో వారు నడిపిన బడులలో పాఠ్యపుస్తకమును చిన్నచిన్న కార్డులుగ విడదీసి, వానిని నిచ్చెనమెట్ల వలె అమర్చిరి. ప్రతి బాలుడును తానున్న మెట్టును తానే గుర్తించి, తన కార్డును తీసికొని, కొంత గురువుతోడను, కొంత తోటివారితోడను, కొంత ఒంటరిగను పనిచేయును. జ్వరము వచ్చి పదిదినములు మానిన బిడ్డ తిరిగి వచ్చి తాను విడిచిన మెట్టునుండియే ఎక్కును. నాటు దినములలో బడికి రాలేకపోయిన బిడ్డకు ఇంతకంటె మేలు వేరొండు గలదా? కర్ణాటకమున 1995లో హెగ్గడదేవనకోట ప్రాంతమున ఆరంభమైన ‘నలి-కలి’యు, 2003 నుండి చెన్నపట్టణపు నగరపాలక పాఠశాలలలో ప్రవేశించిన కృత్యాధార బోధనయు ఈ నమూనానుండియే పుట్టినవి. తెలుగునేలపై పుట్టిన పద్ధతి పొరుగువారి కుపయోగపడినది; మనవారికి అంతగా ఉపయోగపడకపోవుట విచారకరము.

మెట్టును గుర్తించుట యేల యావశ్యకమో దేశవ్యాప్తముగ జరుగు ‘అసర్’ సర్వే చెప్పుచున్నది. 2024లో గ్రామీణ భారతమున 3వ తరగతి పిల్లలలో 2వ తరగతి వాచకమును చదువగలిగినవారు నూటికి రమారమి 27 మంది. 5వ తరగతి పిల్లలలో నూటికి 49 మంది. అనగా ఐదేండ్లు బడికి పోయిన ఇద్దఱిలో ఒకరికి రెండవ తరగతి పాఠము చదువ రాదు. అట్టివానియెదుట ఐదవ తరగతి పుస్తకమును తెఱచి పాఠము ‘పూర్తిచేయుట’ బోధన యగునా? వయస్సునుబట్టి గాక, వచ్చినదానినిబట్టి పిల్లలను దినమునకు కొంతసేపు జట్లుగ కూర్చి చెప్పినచో త్వరలోనే చదువ నేర్తురని ‘ప్రథమ్’ సంస్థవారి కార్యక్రమములపై జరిగిన పరిశోధనలు నిరూపించినవి. ఆ పరిశోధకులలోని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో దంపతులు 2019లో మైకేల్ క్రెమరుతో కూడ అర్థశాస్త్రమున నోబెలు బహుమానము నందిరి. తెలంగాణమున 2022 ఆగస్టులో ఆరంభింపబడిన ‘తొలిమెట్టు’ కార్యక్రమము, 1 మొదలు 5 తరగతుల పిల్లలకు చదువుట, వ్రాయుట, లెక్కించుట అను మూలశక్తులను కల్పించుటకు ఉద్దేశింపబడినది. పేరు చక్కనిది, ఆశయమును చక్కనిదే. పట్టికలు నింపుటతో అది ముగియకుండ చూచుకొనుట అందఱి కర్తవ్యము.

ఆంగ్లమును గూర్చి

ఇచ్చట మా పాఠకులలో పెక్కురు ఒక ప్రశ్న వేయుదురు. ‘‘ఇవన్నియు సరియే, కాని ఆంగ్లము లేనిదే అన్నము లేదు. అందుకే మా పిల్లలను ప్రైవేటు బడి బస్సెక్కించుచున్నాము. కూలివాడు సైతము అప్పుచేసి ఆ బస్సే యెక్కించుచున్నాడు. దీనికి మీ జవాబేమి?’’

ఆంగ్లము కావలెను. దానిని చదివిన మేము దానిని పేదబిడ్డకు వలదనుట ధర్మము గాదు. అట్లనువారి బిడ్డలు ఎచ్చట చదువుచున్నారో ప్రజ లెఱుగుదురు. కాని ఆంగ్లమును నేర్చుట వేరు, ఆంగ్లములో సమస్తమును నేర్చుట వేరు. ఈ భేదమును తేల్చు గొప్ప పరిశోధన మన తెలుగు గ్రామములలోనే జరిగినది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను పండితులు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 5 జిల్లాలలో, 2008 నుండి నాలుగేండ్లపాటు, లాటరీ తీసి కొందఱు ప్రభుత్వపాఠశాల పిల్లలకు ప్రైవేటు బడిలో చదువుటకు ఖర్చు నిచ్చి, లాటరీ రానివారితో పోల్చి చూచిరి. నాలుగేండ్ల చివర తెలుగులోను, గణితములోను ఇరువురకును భేదము కనబడలేదు. ప్రైవేటు బడులు హిందీవంటి ఇతర విషయములకు హెచ్చు కాలము నిచ్చుటచే హిందీలో వారి పిల్లలు ముందుండిరి. తక్కువ జీతములతో, ప్రభుత్వమునకగు వ్యయములో మూడవవంతు వ్యయముతో ఆ బడు లింత సాధించినవనుటయు నిజమే. అది ప్రభుత్వపాఠశాలల నిర్వాహకులు తలవంచి యోచింపవలసిన విషయము. అయితే తెలుగుమాధ్యమపు ప్రైవేటు బడులలో చేరినవారికంటె ఆంగ్లమాధ్యమపు బడులలో చేరినవారు ఇతర విషయములలో వెనుకబడిన సూచనలును ఆ పరిశోధనలోనే కనబడినవి. ఇంటిలో ఆంగ్లము లేని బిడ్డకు అర్థముకాని భాషలో లెక్క చెప్పినచో లెక్కయు పోవును, ఆంగ్లమును రాదు. బస్సు రంగు చూచి చదువును కొలుచుట యెంత పొరపాటో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

మన ప్రభుత్వ పాఠశాలలలోని ద్విభాషా పుస్తకము ఈ చిక్కునకు చక్కని విరుగుడు కాగలదు. ఉపాధ్యాయుడు దానిని వాడు తీరులోనే యంతయు నున్నది. మొదట తెలుగుపుటలో విషయము తెలిసి, పిమ్మట ఆంగ్లపుటలో ఆ తెలిసిన విషయమునకు క్రొత్త మాటలు చేర్చుకొన్న బాలుడు రెండు భాషలకును యజమాని యగును. ఆంగ్లపుటను పైకి చదివించి, తెలుగుపుటను పరీక్షకు కంఠస్థము చేయించినచో వాడు రెండింటికిని పరాయివాడగును.

తండానుండి వచ్చు బిడ్డకు తెలుగు సైతము రెండవభాషయే యని మఱువరాదు. ఆ బిడ్డకు ఆంగ్లము మూడవది. 2004లో ఉమ్మడి రాష్ట్రప్రభుత్వము సవర, కోయ, గోండి, కొలామి, లంబాడీ మున్నగు 8 భాషలలో తొలితరగతులకు వాచకములు సిద్ధపఱచి, ఇంటిభాషనుండి తెలుగునకు మెల్లగ నడిపించు ప్రయోగమును చేసినది. గిడుగువారు పర్లాకిమిడి కొండలలో చేసిన పనికి అది నూరేండ్ల తరువాతి వారసత్వము. బాన్సువాడ చుట్టుప్రక్కల తండాబడులలో లంబాడీ తెలిసిన ఒక ఉపాధ్యాయురాలు మొదటి రెండేండ్లు తోడుండినచో, ఆ బిడ్డలు మౌనముగ వెనుక వరుసలో కూర్చుండు దుర్గతి తప్పును.

భూస్వాముల, పట్టణవాసుల కర్తవ్యము

2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని 29వ సెక్షను మేము పైన చెప్పినదానినే శాసనముగ జేసినది: కార్యములద్వారా, అన్వేషణద్వారా నేర్పవలెను; సాధ్యమైనంతవఱకు మాతృభాషలో నేర్పవలెను; బాలుని భయమునుండి విముక్తుని చేయవలెను. 21వ సెక్షను ప్రకారము పాఠశాలా యాజమాన్యసంఘమున నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులుండవలెను. 27వ సెక్షను జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయము తప్ప ఇతర పనులకు ఉపాధ్యాయులను పంపరాదనుచున్నది. చట్టము పుస్తకమున నున్నది. దానిని పల్లెకు తెచ్చువారు కావలెను.

ఇది కలిమిగలవారివలన సాధ్యమా యని శంకించువారికి రంగారెడ్డి జిల్లా దృష్టాంత మున్నది. మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేర వెలసిన ఎం. వి. ఫౌండేషను, శ్రీమతి శాంతా సిన్హాగారి నాయకత్వమున, 1990ల ఆరంభమునుండి పొలములలోను పశువులవెంటను తిరుగుచుండిన పిల్లలను బడికి చేర్చు ఉద్యమమును నడిపినది. ఆ బిడ్డలను పనిలో నుంచుకొన్న ఆసాములను శత్రువులుగ చూడక, వారితో మాటలాడి, ఒప్పించి, పిల్లలను విడిపించుటయేగాక వారిలో కొందఱిని ఆ యుద్యమమునకే సహాయులుగ మార్చుకొనినది. బడికి చేరిన పెద్దపిల్లలకు వంతెనశిబిరములు పెట్టి వారి వయస్సునకు తగిన తరగతికి చేర్చినది. శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే బహుమానము వచ్చుటకు ఇదియే హేతువు.

కావున బాన్సువాడ సీమలోని మా పాఠకులను, వారివంటి ఇతర ప్రాంతీయులను, నాలుగు పనులు చేయుడని కోరుచున్నాము. మొదటిది, నాటు కోతల దినములలో బడియీడు పిల్లలను మీ పొలములోనికి రానీయకుడు. కూలి కొఱత మీకు నష్టమే, కాని ఒక పంటనష్టము తీరును, బాల్యము తిరిగి రాదు. రెండవది, సర్కారు బడి మీ బిడ్డ చదువని బడి యైనను మీ ఊరి బడియేయని తలంచి, నెల కొక్కమారు పోయి తరగతిలో వెనుక కూర్చుండుడు. మార్కు లెన్నియని అడుగకుడు. ఈ గంటలో పిల్లలు ఎన్ని ప్రశ్నలు వేసిరో లెక్కింపుడు. మూడవది, మీకు తెలిసిన విద్యను బడికి తెండు. తూము ఎట్లు పనిచేయునో నీరుగట్టువానికి తెలియును. తూనికల లెక్క వర్తకునికి తెలియును. మట్టి గుణము రైతునకు తెలియును. ఉపాధ్యాయుడు పిలిచినచో పోయి అరగంట చెప్పుట మీకు భారము గాదు. నాలుగవది, క్రొత్తపద్ధతి నవలంబించిన ఉపాధ్యాయుని కాపాడుడు. పిల్లలు ఆవరణలో త్రాళ్లు పట్టుకొని తిరుగుచున్నారు, చదువు సాగుటలేదని మొదట ఫిర్యాదు చేయువారు ఊరివారే. ఆ ఫిర్యాదుతో ఎందఱో ఉత్సాహవంతుల నడుము విరిగినది.

2011 జనగణన ప్రకారము తెలంగాణమున అక్షరాస్యులు నూటికి రమారమి 66 మంది. దేశమంతటి సగటు 73. నిజాంసాగరము నీటిని నూరేండ్లుగ త్రావుచున్న ప్రాంతము ఈ లెక్కలో వెనుకబడియుండుటకు న్యాయమైన హేతువు లేదు. ఉర్దూ కాలమున భాష పరాయిదని చెప్పితిమి. తెలుగు కాలమున గదులు లేవని చెప్పితిమి. ఇప్పుడు గదులకు ధనము వచ్చినది, మాధ్యమము ప్రజలు కోరినట్లే మారినది. ఇక మిగిలినది బోధనయే. ఆనకట్ట కట్టిన ప్రభుత్వము కాలువను త్రవ్వును గాని, ఆఖరి మడికి నీరు చేరినదో లేదో చూచుకొనువాడు రైతే. చదువు ఆఖరి వరుసలోని బిడ్డకు చేరినదో లేదో చూచుకొనుటకు ఊరిపెద్దలు ఈ సంవత్సరమే పూనుకొందురని మేము ఆశించుచున్నాము.